అంతర్జాతీయ వ్యవహారాల్లో బి.ఏ., ఎం.ఏ. కలిసిన డిగ్రీ

ఇంటర్మీడియట్ తర్వాత ఒక విశ్వవిద్యాలయంలో చేరి, అంతర్జాతీయ వ్యవహారాల్లో డిగ్రీ, పీజీ రెండూ మధ్యలో విరామం లేకుండా, సాధారణంగా ఐదేళ్లలో పూర్తిచేసే చదువు ఇది. మన దగ్గర ఇంటిగ్రేటెడ్ కోర్సు అంటారు. అమెరికాలో కంబైన్డ్ డిగ్రీ, ఫోర్ ప్లస్ వన్ అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. అక్కడ నాలుగేళ్ల బ్యాచిలర్స్, రెండేళ్ల మాస్టర్స్ విడివిడిగా చేస్తే ఆరేళ్లు పడుతుంది. కలిపి చేస్తే ఒక ఏడాది, ఆ ఏడాది ఫీజు మిగులుతాయి. మన దేశంలో పాత పద్ధతి ప్రకారం మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ కలిపినా ఐదేళ్లే. కాబట్టి ఇక్కడ కలిసొచ్చేది కాలం కాదు, మధ్యలో మళ్లీ ప్రవేశ పరీక్ష రాసి సీటు కోసం ఎదురుచూడనక్కర్లేకపోవడం.

కోర్సు ఎన్నేళ్లన్నది విశ్వవిద్యాలయం నిర్ణయించి చెబుతుంది. ఆ ఏళ్లలో విద్యార్థికి ఏం పట్టుబడాలన్నది మాత్రం ఎవరికి వారు ముందుగా వేసుకోవలసిన లెక్క. ఈ విషయంలో కుదించడానికి వీలున్నవి కొన్ని ఉన్నాయి, ఎంత తొందరపడినా కుదరనివి కొన్ని ఉన్నాయి. సిద్ధాంతాల పేపర్లు ఒక సెమిస్టర్ ముందుకు జరపవచ్చు. విదేశీ భాష అలా రాదు. చదువుకు ప్రణాళిక భాష నుంచే మొదలవ్వాలని ఈ వ్యాసం చెప్పడానికి కారణం అదే.

పుట్టుక

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, దేశాల మధ్య వ్యవహారాలను కొద్దిమంది రాయబారుల రహస్య మంతనాలకు వదిలేయకూడదన్న ఆలోచన బలపడింది. 1919లో వేల్స్‌లోని అబరిస్ట్‌విత్‌లో డేవిడ్ డేవీస్ కుటుంబం ఇచ్చిన విరాళంతో అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలోనే తొలి ఆచార్య పీఠం ఏర్పడింది. ఆల్‌ఫ్రెడ్ జిమ్మర్న్ దానికి మొదటి ఆచార్యుడు. అదే ఏడాది వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం స్కూల్ ఆఫ్ ఫారిన్ సర్వీస్‌ను ప్రారంభించింది. ఎడ్మండ్ వాల్ష్ అనే జెస్యూట్ ఫాదర్ దాని స్థాపకుడు. 1927లో నానాజాతి సమితి కొలువున్న జెనీవాలో గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. 1933లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫ్లెచర్ స్కూల్ తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1943లో, పాల్ నిట్జె, క్రిస్టియన్ హెర్టర్ కలిసి వాషింగ్టన్‌లో సైస్ అనే సంస్థను పెట్టారు. అది 1950లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. 1944లో మాస్కోలో ఎంగిమో, 1946లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సిపా అనే సంస్థలు మొదలయ్యాయి.

ఈ సంస్థలు రెండు తోవలు తొక్కాయి. జార్జ్‌టౌన్ తొలి డిగ్రీ స్థాయి నుంచే విదేశాంగ శాఖకు మనుషులను తయారుచేయాలనుకుంది. చరిత్ర, తత్త్వశాస్త్రం, అర్థశాస్త్రం, భాష అన్నీ పద్దెనిమిదేళ్ల వయసులోనే మొదలుపెట్టిస్తుంది. ‘మ్యాప్ ఆఫ్ ద మోడర్న్ వరల్డ్’ పేరుతో ప్రపంచ పటం మీద ప్రత్యేకంగా ఒక కోర్సే ఉంది. ఫ్లెచర్, సైస్ వంటివి అలా కాదు. ఏదో ఒక డిగ్రీ చేసి, కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చిన వారికి వృత్తి విద్యగా మాస్టర్స్ నేర్పడం వాటి పద్ధతి. ఈ రెండు సంప్రదాయాలను ఒక్క విద్యార్థి జీవితంలో కలిపే ప్రయత్నమే సంయుక్త డిగ్రీ. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

భారతదేశం ఈ రంగంలోకి స్వాతంత్ర్యం వచ్చిన ఎనిమిదేళ్లకే అడుగుపెట్టింది. 1955లో ఢిల్లీలోని సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ప్రారంభమైంది. ఎ. అప్పాదొరై దాని తొలి డైరెక్టర్. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ అయింది. విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ పీహెచ్‌డీ చేసింది జేఎన్‌యూలోనే. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాల శాఖ 1956 నుంచి ఉంది.

ఏడాది ఎలా మిగులుతుంది

అమెరికాలో బ్యాచిలర్స్ పట్టాకు సుమారు 120 క్రెడిట్లు కావాలి. అంతర్జాతీయ వ్యవహారాల మాస్టర్స్‌కు విశ్వవిద్యాలయాన్ని బట్టి 36 నుంచి 48 దాకా అడుగుతారు. సంయుక్త డిగ్రీలో చేరిన విద్యార్థి నాలుగో ఏట కొన్ని పీజీ కోర్సులు చదువుతాడు. వాటిలో కొన్ని క్రెడిట్లను రెండు పట్టాలకూ లెక్కవేస్తారు. అలా కలిసొచ్చిన క్రెడిట్లతో పాటు వేసవి సెమిస్టర్లలో చదివినవి తోడై, మాస్టర్స్‌లో మిగిలిన భాగం ఒక్క ఏడాదిలో పూర్తవుతుంది. ఎన్ని క్రెడిట్లు ఉమ్మడిగా చెల్లుతాయన్నది ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది. విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఉమ్మడి క్రెడిట్లు లేకుండా ప్రవేశం మాత్రమే సులభం చేసే ఏర్పాటైతే, పేరుకు సంయుక్త డిగ్రీ అయినా కాలం మిగలదు.

జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని ఎలియట్ స్కూల్, అమెరికన్ యూనివర్సిటీలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ సర్వీస్, జాన్స్ హాప్‌కిన్స్, కొలంబియా వంటివి తమ దగ్గర డిగ్రీ చదివే వారికి ఈ దారి ఏర్పరచాయి. చాలా చోట్ల మూడో ఏట దరఖాస్తు చేసుకోవాలి. అప్పటిదాకా వచ్చిన మార్కులు, ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల సిఫారసు లేఖలు, విద్యార్థి రాసిన ఉద్దేశ పత్రం చూసి తీసుకుంటారు. అంటే మొదటి రెండేళ్ల మార్కులే ప్రవేశ పరీక్ష. కొత్త దేశం, కొత్త చదువు అలవాటయ్యేలోగా మొదటి ఏడాది చేజారితే, మూడో ఏట దాన్ని సరిదిద్దుకోవడం కష్టం.

భాష

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ దశాబ్దాల అనుభవంతో ఒక అంచనా తయారుచేసింది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు ఫ్రెంచి, స్పానిష్ వంటివి వృత్తికి సరిపడేంత నేర్చుకోవడానికి ముప్ఫై వారాల దాకా పడుతుంది. రష్యన్, హిందీ వంటి వాటికి 44 వారాలు, అంటే సుమారు 1,100 గంటల తరగతులు. తెలుగు కూడా ఈ వర్గంలోనే ఉంది. అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్ భాషలకు 88 వారాలు, 2,200 గంటలు. ఇవి రోజంతా భాషే పనిగా పెట్టుకున్న వారి లెక్కలు.

విశ్వవిద్యాలయంలో భాషా తరగతి వారానికి ఐదు గంటలు, ఏడాదికి ముప్ఫై వారాలు నడుస్తుందనుకుంటే ఏడాదికి 150 గంటలు. నాలుగేళ్లు ఒక్క తరగతి మానకుండా చదివినా 600 గంటలే. ఫ్రెంచికి ఇది సరిపోవచ్చు. అరబిక్‌కు నాలుగో వంతు దాటి కొంచెం ముందుకు వెళ్తుంది, అంతే. కాబట్టి చైనాను గాని పశ్చిమాసియాను గాని ప్రత్యేక విషయంగా తీసుకోదలచిన విద్యార్థి మొదటి సెమిస్టర్‌లోనే ఆ భాష మొదలుపెట్టాలి, వేసవి శిబిరాలకు వెళ్లాలి, కనీసం ఒక సెమిస్టర్ ఆ భాష మాట్లాడే దేశంలో గడపాలి. మూడో ఏట తీరిగ్గా అరబిక్ మొదలుపెట్టినవాడు, మాస్టర్స్ చేతికి వచ్చేనాటికి పత్రిక శీర్షికలు కూడబలుక్కునే దగ్గరే ఉంటాడు. పశ్చిమాసియా నిపుణుడినని చెప్పుకునే అర్హత ఆ పట్టా ఒక్కదానితో రాదు.

తెలుగు విద్యార్థులకు ఇక్కడ కొంత అనుకూలత ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, హిందీ నేర్చుకున్న పిల్లలకు ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మారడం కొత్త కాదు. హైదరాబాద్‌లో ఉర్దూ చదవడం రాయడం వచ్చినవారికి పర్షియన్, అరబిక్ లిపి సగం పరిచయమే. మాటల్లో కూడా చాలా తెలిసినవి తగులుతాయి. ఈ పెట్టుబడిని మన కుటుంబాలు లెక్కలోకి తీసుకోవడం తక్కువ. అమెరికాలో పుట్టిపెరిగిన తెలుగు పిల్లల సంగతి వేరు. వారికి ఇంటి భాష మాట్లాడటం వచ్చినా, చదవడం రాయడం నేర్చుకునే అవకాశం కొన్ని విశ్వవిద్యాలయాల్లోనే ఉంది. విస్కాన్సిన్–మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. బర్క్‌లీలోనూ తెలుగు తరగతులు ఉన్నాయి. దక్షిణాసియాను ప్రత్యేక విషయంగా తీసుకునేవారు తెలుగును భాషా నిబంధన కింద ఒప్పుకుంటారేమో విశ్వవిద్యాలయాన్ని అడగాలి. ఒప్పుకున్నా మరో భాష నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

అర్థశాస్త్రం, గణాంకాలు

అంతర్జాతీయ వ్యవహారాలంటే యుద్ధాలు, ఒప్పందాలు, ఐక్యరాజ్యసమితి ప్రసంగాలు అనుకుని చేరినవారిని మొదట తడబడేలా చేసేది అర్థశాస్త్రం. సైస్‌లో మొదటి నుంచీ చదువుకు వెన్నెముక అదే. సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలు, అంతర్జాతీయ వాణిజ్యం, ద్రవ్య సిద్ధాంతం, వాటికి తోడు గణాంక శాస్త్రం చదవాలి. మొదటి రెండింటినీ డిగ్రీ రెండో ఏడాదిలోపు పూర్తిచేయకపోతే పీజీ కోర్సుల్లోకి నాలుగో ఏట అడుగుపెట్టలేరు, మిగలాల్సిన ఏడాది మిగలదు. ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఈ వైపు రావాలనుకునే పిల్లలు తాము తప్పు గ్రూపు తీసుకున్నామని బాధపడనక్కర్లేదు. గణితం ఇక్కడ అక్కరకు వచ్చే చదువే. సీఈసీ, హెచ్ఈసీ నుంచి వచ్చినవారు కలన గణితం మొదటి ఏడాదే కొంత నేర్చుకుంటే తర్వాత తేలిక.

మన దేశంలో దారులు

సమీకృత డిగ్రీ అన్న మాట పెట్టుకుని వెతికితే మన దగ్గర అంతర్జాతీయ వ్యవహారాలకు తిన్నగా దొరికేవి కొద్దే. అందువల్ల విద్యార్థి స్వయంగా కొంత కూర్చుకోవాలి. జేఎన్‌యూ భాషల విభాగంలో చైనీస్, జపనీస్, అరబిక్, పర్షియన్, రష్యన్, స్పానిష్ వంటి భాషల్లో బి.ఏ. చదివి, అక్కడే స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌లో ఎం.ఏ.కు పోటీపడటం ఒక దారి. భాషకు మూడేళ్లు పూర్తిగా దొరుకుతాయి కనుక నాకు ఇదే అన్నిటికన్నా గట్టి దారిగా కనిపిస్తుంది. ఇబ్బందల్లా మధ్యలో మళ్లీ ప్రవేశ పరీక్ష ఉండటమే. డిగ్రీకి సీయూఈటీ యూజీ, పీజీకి సీయూఈటీ పీజీ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పొలిటికల్ సైన్స్‌లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఉంది. మధ్యలో పరీక్ష బెడద లేదు, కేంద్రీయ విశ్వవిద్యాలయం కనుక ఫీజు తక్కువ. విదేశీ భాష మాత్రం సొంతంగా చూసుకోవాలి. సోనీపత్‌లోని జిందల్ విశ్వవిద్యాలయం 2011లో అంతర్జాతీయ వ్యవహారాల పాఠశాల తెరిచింది. ప్రైవేటు విశ్వవిద్యాలయం కాబట్టి అక్కడ ఖర్చు చాలా ఎక్కువ.

2020 జాతీయ విద్యా విధానం ఈ దారులను పెంచింది. మూడేళ్ల డిగ్రీ చేసినవారికి రెండేళ్ల పీజీ, పరిశోధనతో కూడిన నాలుగేళ్ల ఆనర్స్ చేసినవారికి ఒక్క ఏడాది పీజీ, ఇవి కాక ఐదేళ్ల సమీకృత కోర్సు. ఏ దారిలో వెళ్లినా మొత్తం ఐదేళ్లే. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. అధ్యాపకులో పరిశోధకులో కావాలనుకునేవారు ఐదో ఏడాది అవసరమా అని ఒకసారి ఆలోచించాలి. అమెరికాలోనూ పీహెచ్‌డీకి బ్యాచిలర్స్‌తోనే తీసుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. మంచి చోట్ల పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు లేకపోగా భృతి ఇస్తారు. మాస్టర్స్‌కు మాత్రం చాలావరకు సొంత డబ్బే పెట్టాలి.

ఐరోపా సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1999 బొలోన్యా ప్రకటన తర్వాత అక్కడ బ్యాచిలర్స్, మాస్టర్స్ వేర్వేరు దశలయ్యాయి. మూడేళ్ల డిగ్రీ ఒక దేశంలో, మాస్టర్స్ ఇంకో దేశంలో చేయడం మామూలే. అందుకే అక్కడ సంయుక్త డిగ్రీ అవసరం పెద్దగా లేదు. పారిస్‌లోని సియాన్స్ పో డిగ్రీ విద్యార్థులను మూడో ఏడాది విదేశానికి పంపుతుంది. ఆ ఒక్క ఏర్పాటు ఎన్నో అమెరికన్ సంయుక్త డిగ్రీలకు లేని లాభం. బ్రిటన్‌లో చాలాచోట్ల మూడేళ్ల బి.ఏ., ఏడాది ఎం.ఏ. కలిపి నాలుగేళ్లే. ఏడాది ఎం.ఏ.కు మన దేశంలో గుర్తింపు దక్కేలా భారత్, బ్రిటన్ 2022 జులైలో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాల్లో నాలుగేళ్ల తొలి డిగ్రీకే ఎం.ఏ. అని పట్టా ఇస్తారు. దాన్ని పీజీగా భావించకూడదు.

వీసా, ఫీజు, పట్టా తేదీ

అమెరికాకు ఎఫ్–1 వీసా మీద వెళ్లేవారు తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఓపీటీ. చదువుకు సంబంధించిన ఉద్యోగానికి ఇచ్చే ఈ అనుమతి ఒక్కో విద్యా స్థాయికి 12 నెలలు. బ్యాచిలర్స్ పట్టా చేతికొచ్చాక ఒకసారి, మాస్టర్స్ తర్వాత మరోసారి వాడుకోవచ్చు. సంయుక్త డిగ్రీలో మధ్యలో ఆగకుండా చదివినవారు మొదటి దాన్ని వదులుకున్నట్టే. కొన్ని చోట్ల రెండు పట్టాలూ చివర్లో ఒకేసారి ఇస్తారు. అలాంటి చోట మధ్యలో ఆగి బ్యాచిలర్స్ మీద ఉద్యోగం చేసే వీలు ఉండదు. సాఫ్ట్‌వేర్ చదివినవారికి దొరికే 24 నెలల స్టెమ్ పొడిగింపు అంతర్జాతీయ వ్యవహారాల మాస్టర్స్‌కు సాధారణంగా వర్తించదు. గణాంకాలు ఎక్కువగా ఉన్న అర్థశాస్త్ర పట్టాలకు కొన్నిటికి వర్తిస్తుంది. ఇంజినీరింగ్ చదివిన అన్నయ్య అనుభవాన్ని కొలబద్దగా పెట్టుకుని అప్పు చేసిన కుటుంబానికి ఈ తేడా చాలా బరువవుతుంది.

ఫీజు విషయంలో చూడవలసింది విద్యార్థిని ఏ రోజు నుంచి పీజీ విద్యార్థిగా లెక్కిస్తారన్నది. డిగ్రీ స్థాయిలో వచ్చిన స్కాలర్‌షిప్ చాలాచోట్ల ఎనిమిది సెమిస్టర్లకే పరిమితం. హోదా మారిన రోజు అది ఆగిపోవచ్చు. అమెరికా పౌరులైన తెలుగు పిల్లలకు ఫెడరల్ పెల్ గ్రాంటు కూడా తొలి డిగ్రీ దశకే వర్తిస్తుంది. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి వంటి పథకాలు డిగ్రీ పూర్తిచేసి విదేశాల్లో పీజీకి వెళ్లేవారి కోసం ఉద్దేశించినవి. ఇంటర్ తర్వాత నేరుగా విదేశీ సంయుక్త డిగ్రీలో చేరితే వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. ప్రభుత్వ సాయం అవసరమైన విద్యార్థి ఇక్కడ డిగ్రీ ముగించి, తర్వాత విదేశాల్లో మాస్టర్స్‌కు వెళ్లడమే తెలివైన పని.

చదివాక

భారత విదేశాంగ సేవలోకి వెళ్లాలంటే ఈ డిగ్రీ తప్పనిసరి కాదు. యూపీఎస్సీ సివిల్స్‌కు ఏ విషయంలోనైనా డిగ్రీ, 21 ఏళ్ల వయసు చాలు. జనరల్ వర్గానికి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు పరిమితి. పొలిటికల్ సైన్స్, అంతర్జాతీయ సంబంధాలు ఐచ్ఛికంగా తీసుకునేవారికి రెండో పేపరులో ఈ చదువు అక్కరకొస్తుంది. ఎంపికయ్యాక సుష్మా స్వరాజ్ విదేశాంగ సేవా సంస్థలో శిక్షణ, ఆపై ప్రభుత్వం కేటాయించిన విదేశీ భాష నేర్చుకోవడం అందరికీ ఉన్నవే. ఈ సేవ నుంచే వచ్చి, 2016 నుంచి 2020 దాకా ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా పనిచేసిన సయ్యద్ అక్బరుద్దీన్ హైదరాబాదీ.

అంతర్జాతీయ సంస్థల్లో మాస్టర్స్ విలువ ఎక్కువ. ప్రపంచ బ్యాంకు యువ వృత్తి నిపుణుల పథకానికి మాస్టర్స్ ఉండి తీరాలి. ఐక్యరాజ్యసమితి వృత్తి స్థాయి ఉద్యోగాలకు సాధారణంగా మాస్టర్స్ అడుగుతారు, లేదా బ్యాచిలర్స్ మీద అదనపు అనుభవం చూపాలి. దాని సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు డిగ్రీ చివరి ఏడాది నుంచే అర్హత ఉంటుంది, జీతం ఉండదు. న్యూయార్క్‌లో, జెనీవాలో కొన్ని నెలలు సొంత ఖర్చుతో ఉండగలిగినవారికే అది అందుతుంది. ఇందులోని అన్యాయం చిన్నది కాదు. అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగాలు, వాటికి దారితీసే పికరింగ్, రాంగెల్ ఫెలోషిప్‌లు అక్కడి పౌరులకే. ఎఫ్–1 విద్యార్థికి వాటితో సంబంధం లేదు.

ఈ డిగ్రీలో అసలైన బలహీనత పని అనుభవం లేకపోవడం. వృత్తి పాఠశాలల్లో మాస్టర్స్ తరగతి గది విలువ పక్కన కూర్చున్నవారి వల్ల వస్తుంది. ఒకరు శరణార్థి శిబిరంలో పనిచేసి ఉంటారు, ఒకరు సైన్యంలో, ఇంకొకరు పత్రికలో. ఇరవై రెండేళ్లకు అక్కడికి చేరిన విద్యార్థి వారి నుంచి తీసుకోగలడు గాని తిరిగి ఇవ్వగలిగింది తక్కువ. ఉద్యోగమిచ్చేవారూ ఆ తేడా చూస్తారు. కాబట్టి ప్రతి వేసవీ ఏదో ఒక చోట పనిచేయడం, వీలైతే ఒక సెమిస్టర్ విరామం తీసుకుని అయినా పని నేర్చుకోవడం మంచిది. అందుకోసం మిగిలిన ఏడాదిలో కొంత ఖర్చయినా నష్టం లేదు.

తెలుగు నేల మీద

ఈ చదువుకు కావలసిన ముక్కలన్నీ మన దగ్గరే విడివిడిగా ఉన్నాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉంది. ఉస్మానియాలో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం ఉంది. ఉస్మానియా పక్కనే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో అరబిక్, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, రష్యన్, స్పానిష్ బోధిస్తారు. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం, పెద్ద ఓడరేవు ఉన్నాయి. హైదరాబాద్‌లో 2008 నుంచి అమెరికా కాన్సులేట్ ఉంది. ఇంటర్ పూర్తిచేసిన పిల్లవాడికి ఐదేళ్ల పాటు ఒకే విదేశీ భాషను వదలకుండా నేర్పుతూ, దానితో పాటే అర్థశాస్త్రం, సముద్ర వాణిజ్యం, దౌత్య చరిత్ర చెప్పే సమీకృత ఎం.ఏ. ఒకటి ఉస్మానియా, ఇఫ్లూ కలిసి పెట్టవచ్చు. రెండింటి ప్రాంగణాలూ నడిచి వెళ్లేంత దగ్గర. రెండు విశ్వవిద్యాలయాల విద్యామండళ్లు ఈ ప్రతిపాదనను చర్చకు తీసుకోవాలి.